లష్కర్‌లో జైళ్లు: జైలు, ప్రొబేషన్, పెరోల్ అంటే అసలేంటి?

ఈ ఎపిసోడ్‌లో జైళ్ల గురించి మాట్లాడుకుందాం. భయపడకండి, ఇది క్రైమ్ స్టోరీ కాదు, హిస్టరీయే. సినిమాల్లో, వెబ్ సిరీస్‌లలో, న్యూస్ స్క్రోలింగ్‌లో నాలుగు మాటలు మనకు రోజూ వినబడతాయి: జైలు, ప్రిజన్, ప్రొబేషన్, పెరోల్. ఇంగ్లిష్ సిరీస్ చూసి "పెరోల్ మీద బయటికొచ్చాడు" అంటాం. తెలుగు న్యూస్‌లోనూ "పెరోల్ మీద వచ్చాడు" అంటారు. మాట ఒకటే, అర్థాలు మాత్రం వేరు. ఈ తేడా తెలియక చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. అందుకే ఈ ఎపిసోడ్.

దీనికోసం మనం ముందుగా అమెరికా దాకా పోనవసరం లేదు. సికింద్రాబాద్‌లోనే మొదలుపెడదాం.

మోండా మార్కెట్ జైల్‌ఖానా

సికింద్రాబాద్‌కి ఆ పేరు 1806లో వచ్చింది, మూడో నిజాం సికందర్ జా పేరు మీద. అంతకుముందే, 1798 ఒప్పందం తర్వాత, ఇంగ్లిష్ సైన్యం హుస్సేన్‌సాగర్‌కి ఇవతల దిగింది. అందుకే పాతవాళ్లు ఈ ఊరిని ఇప్పటికీ లష్కర్ అంటారు. లష్కర్ అంటే సైన్యం. మన లష్కర్ బోనాల్లో ఉన్న లష్కర్ కూడా ఇదే.

సైన్యం ఉన్నచోట బజారు వస్తుంది. బజారు ఉన్నచోట దొంగతనాలు, తాగి గొడవలు, అప్పుల తగాదాలు వస్తాయి. వాటికి కోర్టు కావాలి, కోర్టు తేల్చేదాకా మనిషిని ఉంచడానికి ఒక గది కావాలి. మోండా మార్కెట్ దగ్గర పాత జైల్‌ఖానా అని ఒక కట్టడం ఉంది చూడండి, అది ఆ ఇంగ్లిష్ కాలం నాటిదే. కూరగాయలకి పోయేవాళ్లలో చాలామందికి పక్కనే జైలు ఉండేదని కూడా తెలియదు.

ఇక్కడే మన మొదటి మాట అర్థం చేసుకుందాం. ఇంగ్లండ్‌లో గానీ, ఇంకోచోట గానీ, జైలు అనేది మొదట్లో ఎక్కువగా శిక్ష వేసే చోటు కాదు. అది వెయిటింగ్ రూమ్. విచారణ అయ్యేదాకా, అప్పు తీర్చేదాకా మనిషిని ఆపి ఉంచే చోటు. శిక్ష అంటే వేరే ఉండేది: కొరడా దెబ్బలు, జరిమానా, ఉరి, లేదా సముద్రం దాటించడం. "నిన్ను ఇన్నేళ్లు గోడల మధ్య ఉంచడమే నీ శిక్ష" అనే ఆలోచన బాగా బలపడింది 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దంలోనే.

అమెరికాలో ఈ తేడా ఇప్పటికీ మాటల్లో మిగిలింది. అక్కడ జైలు అంటే కౌంటీ లేదా సిటీ నడిపేది. అరెస్టయి విచారణ కోసం ఉన్నవాళ్లు, ఏడాది లోపు చిన్న శిక్ష పడ్డవాళ్లు అందులో ఉంటారు. ప్రిజన్ అంటే రాష్ట్రమో, ఫెడరల్ ప్రభుత్వమో నడిపేది. సాధారణంగా ఏడాదికి మించి శిక్ష పడ్డవాళ్లు అక్కడ ఉంటారు. మన తెలుగులో రెండింటికీ జైలే. కాకపోతే లోపల మనకూ తేడా ఉంది: రిమాండ్ ఖైదీ, శిక్ష పడ్డ ఖైదీ. ఈ రెండు మాటలు గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తాయి.

తిరుమలగిరి కోట

ఇప్పుడు మోండా నుంచి తిరుమలగిరి వైపు పోదాం. అక్కడ ఆర్మీ ఏరియాలో ఇంగ్లిష్‌వాళ్లు కట్టిన మిలిటరీ జైలు ఉంది. బయటినుంచి చూస్తే బురుజులతో అచ్చం కోటలా ఉంటుంది. ఇంగ్లండ్ రాజుల విండ్సర్ కోటతో పోల్చి దాన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. అది వాళ్ల సైనికుల కోసమే. తాగి డ్యూటీ ఎగ్గొట్టినవాడు, పైవాడి మాట విననివాడు, పారిపోబోయినవాడు లోపల ఒంటరి గదుల్లో ఉండాలి. ఇక్కడ జైలు వెయిటింగ్ రూమ్ కాదు. మనిషిని దారిలో పెట్టే మిషన్ అన్నమాట. కనీసం వాళ్ల నమ్మకం అది.

ఆ రోజుల్లోనే ఇంకో కథ నడిచింది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ కలిసి కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. అండమాన్‌కి ద్వీపాంతర శిక్ష పడింది. పంపేలోపే, 1859 జనవరిలో, ఆయన జైలు నుంచి తప్పించుకున్నాడు. కొద్దిరోజులకే కాల్చి చంపారు. ఆయన శవాన్ని అందరికీ కనబడేలా వేలాడదీశారు. అలావుద్దీన్‌ని అండమాన్ పంపారు, ఆయన అక్కడే చనిపోయాడు.

అండమాన్ అంటే మనకు గుర్తొచ్చేది సెల్యులర్ జైలు. కానీ ఆ కట్టడం తర్వాత వచ్చింది. 1858లో ఖైదీల స్థావరం మొదలైనప్పటి నుంచీ అక్కడ ఇంకో పద్ధతి కూడా ఉండేది. కొన్నేళ్లు సత్ప్రవర్తనతో ఉన్న ఖైదీకి ఒక టికెట్ ఇస్తారు. దాంతో దీవిలోనే సొంతంగా వ్యవసాయమో, పనో చేసుకుని బతకొచ్చు. కానీ దీవి దాటకూడదు. తప్పు చేస్తే టికెట్ వాపస్. శిక్ష ఇంకా ఉంది, తాళం మాత్రం లేదు. పెరోల్‌కి తాతలాంటిది ఇదే.

పెరోల్: ఇచ్చిన మాట

పెరోల్ ఫ్రెంచ్ మాట. అర్థం "మాట". మాటివ్వడం అంటాం కదా, అదే. యుద్ధంలో దొరికిన ఆఫీసర్ "నేను పారిపోను, మళ్లీ కత్తి పట్టను" అని మాటిస్తే వదిలేసేవారు. ఆ పద్ధతి పేరే తర్వాత ఖైదీలకు వచ్చింది.

1840లో అలెగ్జాండర్ మాకనోకీ అనే నేవీ ఆఫీసర్, ఆస్ట్రేలియాకి దూరంగా ఉన్న నార్ఫోక్ దీవిలో ఖైదీల మీద అధికారిగా వచ్చాడు. ఆయన లెక్క సింపుల్. ఖైదీకి పనికీ, నడవడికకీ మార్కులు వేద్దాం. మార్కులు పెరిగేకొద్దీ స్వేచ్ఛ కొద్దికొద్దిగా పెంచుదాం. ఆయన్ని నాలుగేళ్లకే తీసేశారు. కానీ ఆలోచన ఆగలేదు. ఐర్లండ్‌లో వాల్టర్ క్రాఫ్టన్ దాన్ని వాడాడు. అక్కడి నుంచి అమెరికా వెళ్లి, 1876లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరా సంస్కరణాలయంలో అమలయింది.

ఇప్పుడు అసలు తేడా చెప్తాను. అమెరికాలో పెరోల్ అంటే ముందుగా విడుదల. మిగిలిన శిక్షాకాలం బయట, అధికారి పర్యవేక్షణలో గడపాలి. షరతు తప్పితే మళ్లీ లోపలికి. అక్కడ కూడా ఇది అన్నిచోట్లా లేదు. ఫెడరల్ కేసుల్లో 1984 చట్టంతో పెరోల్‌ని ఎత్తేశారు.

మన దగ్గర పెరోల్ అంటే సెలవు. తల్లి చనిపోయిందనో, బిడ్డ పెళ్లనో, ఇంట్లో జబ్బనో కొన్నిరోజులు ఇంటికి పంపి, మళ్లీ రమ్మంటారు. ఫర్లో అని ఇంకోటి ఉంది. ఎక్కువకాలం శిక్ష అనుభవిస్తున్నవాళ్లకి ఇంటితో సంబంధం తెగిపోకుండా ఇచ్చే సెలవు అది. ఫర్లో రోజులు శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు మామూలుగా కలవవు. 2017లో సుప్రీంకోర్టు ఈ తేడాని వివరంగా చెప్పింది. జైళ్లు రాష్ట్రాల జాబితాలో ఉన్న విషయం కాబట్టి రూల్స్ రాష్ట్రానికొక రకంగా ఉంటాయి.

మరి అమెరికా పెరోల్‌కి దగ్గరగా మన దగ్గర ఉన్నదేంటి? క్షమాభిక్ష, శిక్ష తగ్గింపు. జనవరి 26కో, ఆగస్టు 15కో ఖైదీల విడుదల అని వార్త వస్తుంది చూడండి, అది. ఉరి వేయదగ్గ నేరంలో యావజ్జీవం పడితే, ప్రభుత్వం శిక్ష తగ్గించినా కనీసం 14 ఏళ్లు లోపల ఉండాలని 1978లో చట్టంలో చేర్చారు. గవర్నర్‌కి రాజ్యాంగం ఇచ్చిన క్షమాభిక్ష అధికారం వేరే ఉంది. అదైనా ఇష్టం వచ్చినట్టు వాడే అధికారం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఒక పార్టీ మనిషికి గవర్నర్ శిక్ష తగ్గిస్తే, ఏపూరు సుధాకర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. దేశమంతా ఈ తీర్పుని ఇప్పటికీ చూపిస్తారు.

ప్రొబేషన్: గేటు దాకా పోకుండానే

పెరోల్ లోపలికి పోయినవాడికి. ప్రొబేషన్ అసలు లోపలికి పోకుండా ఆపేది.

1841లో బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే బూట్ల తయారీదారు ఒకరోజు కోర్టులో కూర్చున్నాడు. తాగుబోతు ఒకణ్ని తెచ్చారు. జైలుకి పంపాల్సిందే. అగస్టస్ లేచి, నేను పూచీ ఉంటాను, కొన్నాళ్లు నాకు వదలండి అన్నాడు. మూడు వారాల తర్వాత అదే మనిషి గుర్తుపట్టలేనంత మారి కోర్టుకొచ్చాడు. జడ్జి ఒక్క సెంటు జరిమానా వేసి పంపేశాడు. 1859లో చనిపోయేలోపు అగస్టస్ ఇలా దాదాపు 2,000 మందికి పూచీ ఉన్నాడు. జీతం లేదు, పదవి లేదు. మసాచుసెట్స్ రాష్ట్రం 1878లో దీన్ని చట్టం చేసింది.

మన దేశంలో 1958లో ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం వచ్చింది. చిన్న నేరం, మొదటిసారి అయితే కోర్టు మందలించి వదిలేయొచ్చు. లేదా మూడేళ్లు మించకుండా సత్ప్రవర్తన బాండ్ రాయించుకుని పంపొచ్చు. 21 ఏళ్ల లోపు వాళ్ల విషయంలో చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. యావజ్జీవం పడే నేరం కాకపోతే, వాళ్లని జైలుకి పంపాలనుకునే జడ్జి ఎందుకు పంపుతున్నాడో కారణం రాయాలి. 12వ సెక్షన్ ప్రకారం, ఈ చట్టం కింద వదిలినవాళ్లకి ఆ నేరనిర్ధారణ వల్ల వచ్చే అనర్హత తగలదు. అయితే గవర్నమెంట్ ఉద్యోగంలో ఉండి తప్పు చేస్తే శాఖాపరమైన చర్య మాత్రం ఆగదు.

చాలామంది కుర్రాళ్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఈ చట్టం ఉందనే తెలియదు. లాయర్ అడగకపోతే కోర్టులో ఆ ఊసే రాకపోవచ్చు.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకి ఒక మాట. అక్కడ జైళ్లూ ప్రిజన్లూ కలిపి లోపల ఉన్నవాళ్లు 20 లక్షలకి కొంచెం తక్కువ. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు దాదాపు 30 లక్షలు. అంటే గోడల లోపలికంటే బయట నిఘాలో ఉన్నవాళ్లే ఎక్కువ. "ప్రొబేషనే కదా, ఒప్పేసుకో, ఇంటికి పోవచ్చు" అని ఎవరైనా అంటే ఆగండి. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకున్నా, అక్కడి ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నేరనిర్ధారణగానే లెక్కేస్తుంది. వీసాకే ఎసరు రావొచ్చు. ముందు ఇమిగ్రేషన్ తెలిసిన లాయర్‌ని అడగాలి.

2019 జనవరి గుర్తుందా? మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అక్కడి అధికారులే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. 129 మంది భారతీయ విద్యార్థుల్ని అదుపులోకి తీసుకున్నారు, వాళ్లలో తెలుగు పిల్లలు ఎందరో. ఆ విద్యార్థుల మీద పెట్టింది క్రిమినల్ కేసు కాదు, ఇమిగ్రేషన్ కేసు. అయినా తాళం పడింది. అంటే మనిషిని లోపల వేయడానికి నేరం రుజువు కావడమే అక్కర్లేదు. మోండా జైల్‌ఖానా లాజిక్ అక్కడా ఉంది.

ముషీరాబాద్

మళ్లీ మన ఊరికి వద్దాం. సికింద్రాబాద్ గాంధీ హాస్పిటల్ అందరికీ తెలుసు. 2003లో ఆ హాస్పిటల్ ఇప్పుడున్న చోటికి మారింది. ఆ నేలలో అంతకుముందు ఉన్నది ముషీరాబాద్ జైలు.

1975 డిసెంబర్ 1న, ఎమర్జెన్సీ రోజుల్లో, ఆ జైల్లో భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దర్ని ఉరితీశారు. ఆదిలాబాద్ జిల్లా రైతుకూలీ ఉద్యమంలో నుంచి వచ్చినవాళ్లు. భూస్వాముల హత్య కేసులో ఉరిశిక్ష పడింది. ఆ ఉరి ఆపమని దేశమంతా ఎందరో కోరారు. లాయర్ కన్నబిరాన్ లాంటివాళ్లు కోర్టుల్లో పోరాడారు. క్షమాభిక్ష దొరకలేదు. వాళ్లు చేసిన పని మీద మీకు ఏ అభిప్రాయం ఉన్నా సరే, ఒక్కటి గమనించండి. పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి ప్రొబేషన్‌లో, పెరోల్‌లో, అప్పీల్‌లో చోటుంది. ఉరిలో లేదు.

మన ఊరి పేరు మీదే ఇంకో కేసుంది, సికింద్రాబాద్ కుట్ర కేసు. 1974లో పెట్టారు. వరవరరావు, కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, చెరబండరాజు లాంటి రచయితలు నిందితులు. 1989లో కేసు కొట్టేశారు. దాదాపు 15 ఏళ్లు. చెరబండరాజు ఆ తీర్పు వినలేదు, 1982లోనే చనిపోయారు. శిక్షే పడని కేసు 15 ఏళ్లు నడిస్తే, ఆ నడవడమే శిక్ష కాదా అని నేను అడుగుతున్నాను.

సికింద్రాబాద్‌కే చెందిన ఇంకో పేరు చెప్పాలి. వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో ఇక్కడే దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేసినాయన. నిజాం కాలంలో జైలుకెళ్లారు. బయటికొచ్చాక "జైలు లోపల" అనే కథల పుస్తకం రాశారు. అందులో నాయకుల గొప్పలు లేవు. పక్క గదిలో కనబడిన మామూలు ఖైదీలు ఉన్నారు. వాళ్లు అక్కడికి ఎలా వచ్చారన్నదే ఆయన పట్టించుకున్నారు.

గోడ లోపల కూడా రాజ్యాంగం ఉంది

ఖైదీల హక్కుల మీద పెద్ద తీర్పుల్లో కొన్ని మన తెలుగు నేల నుంచే వచ్చాయి, ఈ సంగతి మనవాళ్లకే తక్కువ తెలుసు.

1974లో భువన్ మోహన్ పట్నాయక్ కేసు. విశాఖపట్నం సెంట్రల్ జైలు గోడల మీద కరెంటు వైరు పెట్టారు. ఖైదీలు సుప్రీంకోర్టుకెళ్లారు. శిక్ష పడినంత మాత్రాన మనిషికి ప్రాథమిక హక్కులన్నీ పోవని, అలాంటి వైరు పెట్టడానికి చట్టం ఆధారం లేదని కోర్టు చెప్పింది.

1977లో మహమ్మద్ గియాసుద్దీన్ కేసు. ఉద్యోగాలిప్పిస్తానని నిరుద్యోగుల దగ్గర డబ్బులు తీసుకున్న 28 ఏళ్ల యువకుడు. మూడేళ్ల శిక్షని జస్టిస్ కృష్ణయ్యర్ 18 నెలలకి తగ్గించారు. అతని మనసుకి పనికొచ్చే పని ఇవ్వమన్నారు. మనిషిని మార్చడం శిక్షలో భాగమని ఆ తీర్పు సారాంశం.

అదే 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైల్లో నిద్రపోతున్న రిమాండ్ ఖైదీ చల్లా చిన్నప్పరెడ్డిని బాంబులేసి చంపారు. ప్రాణభయం ఉందని ముందే చెప్పినా కాపలా సరిగా లేదు. కొడుకులు నష్టపరిహారం అడిగితే ప్రభుత్వం "మాకు బాధ్యత లేదు" అంది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఖైదీ ప్రాణం కూడా ప్రాణమే, దాన్ని కాపాడకపోతే ప్రభుత్వం పరిహారం కట్టాల్సిందే అంది. ఇరవై మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు లోపల ఉన్నది ఎవరు?

రిమాండ్ ఖైదీ, శిక్ష పడ్డ ఖైదీ అని గుర్తుపెట్టుకోమన్నా కదా. 2022 చివర్లో మన దేశం జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి దాదాపు 76 మంది మీద ఇంకా నేరం రుజువు కాలేదు. రెండొందల ఏళ్ల కిందటి మోండా జైల్‌ఖానా ఏ పని చేసిందో, మన జైళ్లు ఇవాళ కూడా ఎక్కువగా ఆ పనే చేస్తున్నాయి. వెయిటింగ్. ప్రొబేషన్, పెరోల్, ఫర్లో అన్నీ తీర్పు వచ్చాక తెరుచుకునే తలుపులు. తీర్పే రానివాడికి అవి పనికిరావు. వాడికి ఉన్నది బెయిల్ ఒక్కటే.

బెయిల్ వచ్చినా షూరిటీ దొరకదు. ఇల్లు లేదు, పొలం లేదు, జీతం స్లిప్ ఉన్న చుట్టం లేడు. అలాంటివాడు బెయిల్ ఆర్డర్ చేతిలో ఉండి కూడా లోపలే ఉంటాడు. 1978లోనే మోతీరామ్ కేసులో, ఒక తాపీమేస్త్రీకి 10,000 రూపాయల షూరిటీ అడిగినందుకు సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2023లో ఇంకోసారి రూల్స్ చెప్పింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకి తెలపాలి, నెల దాటినా షూరిటీ ఇవ్వలేకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టు తనంతట తానే చూడొచ్చు.

2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్, వచ్చింది. అందులో 479వ సెక్షన్ చదువుకోండి. ఆ నేరానికి పడగల గరిష్ఠ శిక్షలో సగం కాలం విచారణ ఖైదీగా గడిపితే బెయిల్ ఇవ్వాలి. మొదటిసారి నేరారోపణ అయితే మూడో వంతుకే బాండ్ మీద వదలాలి. ఉరి, యావజ్జీవం పడగల నేరాలకి ఇది లేదు. ఒకటికంటే ఎక్కువ కేసులు నడుస్తున్నా వర్తించదు. గడువు కాగానే కోర్టుకి రాయాల్సిన బాధ్యత సూపరింటెండెంట్‌దే. పాత కేసులకీ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీకు తెలిసినవాళ్లు ఎవరైనా లోపల ఉంటే, ములాఖత్‌కి పోయినప్పుడు మూడు విషయాలు రాసుకోండి: ఏ సెక్షన్లు, ఏ తేదీన రిమాండ్, ఏ కోర్టు. లాయర్‌కి డబ్బు లేకపోతే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచిత లాయర్ హక్కు. ఆదాయం ఎంత అని కూడా అడగరు. వయసు 21 లోపు అయితే 1958 చట్టం సంగతి మీరే లాయర్‌కి గుర్తుచేయండి.

2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు, జైళ్లలో రద్దీ తగ్గించడానికి ఎవర్ని పెరోల్ మీద, ఎవర్ని మధ్యంతర బెయిల్ మీద వదలొచ్చో తేల్చమని సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో కమిటీ వేయించింది. అవే రోజుల్లో పాత ముషీరాబాద్ జైలు నేల మీద ఉన్న గాంధీ హాస్పిటల్ మన రాష్ట్రంలో కోవిడ్‌కి మెయిన్ హాస్పిటల్ అయింది. జబ్బు భయంతో తెరిచిన ఆ తలుపుల్లో చాలావరకు చట్టంలో ఎప్పటి నుంచో ఉన్నవే. మామూలు రోజుల్లో కూడా వాటిని వాడమని అడగాల్సింది మనమే.

ఇదీ ఇవాళ్టి ఎపిసోడ్. 479 సెక్షన్ గురించి, 15100 గురించి మీ ఇంటి గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. మళ్లీ కలుద్దాం. నమస్తే.